సొంత పోగు

ఆ డ్రైక్లీనింగ్ షాపులో ముందు గది యజమానిది, వెనక గది ఆవిడది. ముందు గదిలో గంట మోగే తలుపు, గాజు బల్ల, చీటీలు గుచ్చి కొక్కేలకి వేలాడదీసిన కోట్లు. వెనక గదిలో ఒక కిటికీ, దాని కింద చెక్క బల్ల, బల్ల మీద దీపం, సూదులు గుచ్చిన దిండు, చిన్న కత్తెర. ఆవిడ పని రఫూ, చిరిగిన చోట పోగు మీద పోగు నేసి కనబడకుండా చెయ్యడం. పొద్దున్నే పిల్లని బడికి పంపి, టీ గ్లాసు కడిగి బోర్లించి, బస్సెక్కి వచ్చి ఆ కిటికీ కింద కూర్చునేది. సాయంత్రం దాకా మెడ ఎత్తేది కాదు.

బల్లకి ఒక పక్క ఎలకలు కొరికినవీ, సిగరెట్ నిప్పు పడినవీ, మేకుకి తగులుకున్నవీ. రెండో పక్క చిల్లు వచ్చినవి. ఈ మధ్య రెండో గుట్టే పెద్దది.

ఆ ఊళ్ళో తూటా కన్నా ముందు చిల్లు వచ్చేది. ఎవరికి తగలబోతుందో వాళ్ళ బట్ట మీద, తగలబోయే చోట, చిటికెన వేలు పట్టేంత గుండ్రటి చిల్లు. జ్వరం వచ్చిందన్నట్టే, "మావాడికి చిల్లు వచ్చిందండీ" అని చెప్పుకునేవారు. ఆ చొక్కా తగలబెట్టి చూసినవాళ్ళున్నారు. మర్నాడు తొడుక్కున్న చొక్కాకి వచ్చింది. కొడుకుని దూరం పంపేసిన తల్లి ఒకామె ఉంది. సూట్‌కేసులో బట్టలతో పాటు చిల్లూ వెళ్ళింది. అలా అన్ని పాట్లూ పడి, జనం చివరికి రఫూకి తేవడం మొదలుపెట్టారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. తూటా తగిలే వేళకి రఫూ చేసిన పోగులు వాటంతటవే విడిపోయి, అక్కడే మళ్ళీ చిల్లు పడేది. అది అందరికీ తెలుసు. అయినా తెచ్చేవారు. మనిషిని చిల్లుతో వీధిలోకి పంపడానికి మనసొప్పదు కదా.

కొందరు నవ్వుతూ వచ్చేవారు. ఒకాయన ప్యాంటు బల్ల మీద పరిచి, "మోకాలేనమ్మా, పెళ్ళయినప్పటినుంచీ ఇంత అదృష్టం ఎరగను" అన్నాడు. షాపు యజమాని ఆవిడకన్నా చిన్నవాడు, అక్కా అని పిలిచేవాడు. "అక్కా, అందరూ చలికాలం గిరాకీ అంటారు, మనకి అన్నీ చలికాలాలే" అనేవాడు. ఆ మాట అన్నాక తనే చిన్నబుచ్చుకుని, రెండు టీలు తెప్పించేవాడు.

ఆవిడ ఎక్కువ మాట్లాడేది కాదు. బట్ట తీసుకుని దీపం కింద పెట్టి, ముందు అంచు చూసేది. అంచు తెల్లగా, కత్తిరించినట్టుంటే తూటా దూరం నుంచి వచ్చేది. నల్లగా, మాడినట్టుంటే దగ్గర నుంచి. కొంతమంది అడిగేవారు, దగ్గరదా దూరందా అని. అడిగితే చెప్పేది. ఎక్కువమంది అడిగేవారు కాదు.

ఆ పని ఆవిడకి మేనత్త నేర్పింది. రఫూకి పోగు బయట కొనకూడదు. ఆ బట్ట అడుగున మడత విప్పి, అందులోంచే ఒక్కో పోగూ లాగి, దానితోనే నేయాలి. రంగు కలుస్తుంది, బరువు కలుస్తుంది, ఎవరి బట్ట వాళ్ళదిగానే ఉంటుంది. చిల్లు గుట్ట విషయంలో మేనత్త ఇంకో మాట కూడా చెప్పింది, గొంతు తగ్గించి. "ఇంకొకళ్ళ బట్టలోంచి పోగు తీసి పెట్టావనుకో, మూసుకుంటుందే. మళ్ళీ విడదు. కానీ ఆ చిల్లు ఎక్కడికీ పోదు. పోగు ఎవరిదో వాళ్ళ దగ్గరికి పోతుంది."

"మరి నా పోగు పెడితేనో అత్తా?" అని అడిగింది చిన్నప్పుడు.

"కుట్టేదాని పోగు కుట్టేదాని చేతికి రాదు. నేను పెట్టి చూడలేదనుకున్నావా?" అంది మేనత్త. అంతకుమించి చెప్పలేదు.

ఆవిడ భర్త పాల వ్యాను నడిపేవాడు. తెల్లారకముందే వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేవాడు. ఒకసారి ఎవడో వ్యాను ఆపి, మెడకి తుపాకి ఆనించి, చేతి గడియారం తీసుకుపోయాడు. ఇంటికొచ్చి చాలాసేపు మెడ కడుక్కున్నాడు. ఆ వారమే తనూ ఒక తుపాకి కొన్నాడు. చేపలు పట్టే గేలాలూ, వానకోట్లూ అమ్మే షాపులోనే అదీ అమ్మేవారు. అంతకుముందు నవ్వుతూ తిరిగే మనిషి. కొన్నాక మళ్ళీ నవ్వాడు. అందుకని ఆవిడ అప్పట్లో ఏమీ అనలేదు.

ఆదివారం పూట భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి, తుపాకి విప్పి, ఒక్కో ముక్కా తుడిచి, నూనె రాసేవాడు. ఆవిడ వంటగదిలోంచి, "అయిందా నా సవతికి అలంకారం?" అనేది. వాళ్ళ అమ్మాయి అది పట్టుకుంది. పన్నెండేళ్ళ పిల్ల. ఒక్క చోట నిలవదని పిచుక అని పిలిచేవారు. "నాన్నా, పిన్నికి తలస్నానం అయిందా?" అనేది. ఆయన పడీపడీ నవ్వేవాడు. ఆదివారం లెక్కలు ఆ బల్ల దగ్గరే, ఆయనకి ఎదురుగా కూర్చుని చేసేది పిచుక. ఆయన మధ్యమధ్య పుస్తకం లాక్కుని, "ఇలా ఇవ్వు, నేను చెప్తా" అని తప్పు చెప్పేవాడు. లెక్కల పుస్తకం నిండా నూనె బొటనవేలి ముద్రలు. బళ్ళో టీచరు అడిగితే, అవి నాన్న సంతకాలని చెప్పిందట.

తుపాకి మాట ఎప్పుడొచ్చినా ఆయన ఒకటే అనేవాడు. "ఏం వచ్చినా ముందు నన్ను దాటి రావాలి. అంతే." గొప్పకి కాదు. అన్నం పెట్టమన్నంత మామూలుగా.

సోమవారం పొద్దున్న, ఆవిడ బస్సుకి చెప్పులు వేసుకుంటుంటే, పిచుక స్వెట్టర్ పట్టుకుని వచ్చింది. మెరూన్ రంగుది, దాని ఒంటి మీంచి దిగేదే కాదు.

"అమ్మా, చిల్లు వచ్చింది."

గుండీ ఊడిందన్నట్టే చెప్పింది. ఆవిడ చేతిలోకి తీసుకుంది. గుండెకి కొంచెం కింద, ఎడమ పక్క. కిటికీ దగ్గరికి వెళ్ళి అంచు చూసింది. ఎన్ని వందల అంచులు చూసిన కళ్ళో. కాసేపు అవి చూడనని మొరాయించాయి. తర్వాత చూశాయి. నల్లగా ఉంది.

"నొప్పిగా ఉంటుందా?" అడిగింది పిచుక.

"బడికి వేరేది వేసుకుని వెళ్ళు" అంది ఆవిడ.

"అదెందుకు, దానికీ వస్తుందిగా" అంది పిల్ల. వేరేది వేసుకునే వెళ్ళింది.

ఆ సాయంత్రమే బళ్ళో తల్లిదండ్రుల్ని పిలిచారు. అప్పటికి పిచుక తరగతిలో చిల్లులు వచ్చిన పిల్లలు ఇంకొందరున్నారు. పిల్లల కుర్చీల్లో పెద్దవాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. టీచర్ల దగ్గర తుపాకులుంటే ఎవడూ గేటు దాటడని కొందరు, ఊళ్ళో అసలు తుపాకే లేకపోతే గేటు దాకా ఎందుకొస్తాడని కొందరు. ఉన్నవాడి ఇంట్లోనూ చిల్లు వచ్చింది, లేనివాడి ఇంట్లోనూ వచ్చింది. అందుకని ఇద్దరూ దాన్నే రుజువుగా చూపించారు. ఒక తండ్రి తన కూతురి కోటు ఎత్తిపట్టి మాట్లాడాడు. ఇంకో తల్లి ఇంకో కోటు ఎత్తిపట్టి ఆయన్ని కాదంది. హెడ్‌మిస్ట్రెస్ అందరికీ మంచినీళ్ళు ఇప్పించి, పిల్లల్ని తీసుకువెళ్ళే వేళయిందని చెప్పింది.  ఆవిడ పిచుక కుర్చీ ఎంత చిన్నదో అని చూస్తూ ఉండిపోయింది.

ఇంటికొచ్చాక భర్తతో అంది. "అంచు నల్లగా ఉందండీ."

ఆయన రొట్టె తుంచుతున్నవాడు ఆగాడు. "అంటే?"

"దగ్గర నుంచి. చెయ్యి చాచినంత దూరం నుంచి."

"బళ్ళో అయినా దగ్గర నుంచే కదా. గదులెంత పెద్దవని."

"మన ఇల్లు ఇంకా చిన్నది."

ఆయనకి అర్థమైంది. ముఖం ఎర్రబడింది. "నా బిడ్డని నేను... ఏం మాట్లాడుతున్నావే?"

"మీరని అనలేదు. అది ఇంట్లో ఉందన్నాను. తీసెయ్యండి."

"చిల్లు వచ్చిన ఇంట్లోంచి తుపాకి తీసెయ్యమంటావా? వాన పడుతుంటే గొడుగు పారెయ్యమన్నట్టుంది."

"గొడుగులోంచే పడితేనో?"

ఆయన మళ్ళీ రొట్టె తుంచాడు. కాసేపటికి, "నన్ను దాటి రావాలి" అన్నాడు, మెల్లిగా, తనలో తను. ఆవిడ పళ్ళెం తీసేసింది.

మర్నాడు ఆయన వ్యాను మీద వెళ్ళాక, ఆవిడ బీరువా పై అరలోంచి తుపాకి తీసి, కూరల సంచిలో అడుగున పెట్టి, పైన కేరెట్లు పోసి, పోలీసు స్టేషనుకి బస్సులో వెళ్ళింది. అక్కడ బల్ల దగ్గర కూర్చున్నాయన మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు. ఇది మీ పేరున లేదమ్మా, ఎవరి పేరున ఉందో ఆయనే తేవాలి అన్నాడు. పిల్లకి చిల్లు వచ్చిందని చెప్పింది. ఆయన తన చొక్కా జేబు కిందకి వేలు పెట్టి చూపించాడు. సన్నగా, చక్కగా రఫూ చేసి ఉంది. ఆవిడ చేసిందే.  కేరెట్లు మళ్ళీ ఆయనే సంచిలో సర్ది ఇచ్చాడు.

మధ్యాహ్నం భర్త సంచి చూశాడు. తిట్టలేదు. తుపాకి విప్పి, లోపలున్న తూటాలు ఒక్కొక్కటే అరచేతిలోకి రాల్చాడు.

"దీన్ని ఇలాగే బస్సులో తిప్పావా? పక్కన మనుషులు కూర్చున్నారా?"

"కూర్చున్నారు."

"నువ్వా నాకు చెప్పేది," అన్నాడు.  ఆ రోజంతా ఆవిడకి బస్సులో తన పక్కన కూర్చున్న ముసలాయన మోకాలు, దానికి ఆనుకున్న తన సంచి కళ్ళలో మెదులుతూనే ఉన్నాయి.

బుధవారం స్వెట్టర్ షాపుకి తెచ్చుకుంది. యజమాని చూశాడు. ఎవరిదో అడగలేదు. తలుపు దగ్గరికి వేసి ముందు గదిలోకి వెళ్ళిపోయాడు.

ముందు ఆవిడ తన కోటు మడత విప్పింది. పోగు లాగి సూదిలోకి ఎక్కించబోయింది. తెగింది. తడి చేసి, మెలిపెట్టి, మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ తెగింది. మేనత్త అబద్ధం చెప్పలేదు. అయినా కోటు మడత సగం విప్పేదాకా ప్రయత్నించింది. బల్ల నిండా తుంపులు రాలాయి.

అప్పుడు లేచి ముందు గదిలోకి వెళ్ళింది. యజమాని గిరాకీతో మాట్లాడుతున్నాడు. కొక్కేలకి కోట్లు వరసగా ఉన్నాయి. ఆ వరసలో మెరూన్ రంగు కోటు ఒకటి, పెద్దది, బరువైంది. ఎవరిదో తెలియదు. తెలియకపోవడమే కావాలి. అడుగు మడతలోంచి పోగు లాగింది. వెన్నలా వచ్చింది. ఎవరూ చూడలేదు. చూసినా, రఫూ ఆవిడ పోగు తీస్తే ఎవరేమనుకుంటారు.

బల్ల దగ్గర కూర్చుని సూదిలోకి ఎక్కించింది. ఒక్కసారికే ఎక్కింది. చిల్లు ఒక అంచున ఒక కుట్టు వేసింది. నల్లగా మాడిన అంచు, ఆ పోగు తగలగానే అసలు రంగుకి తిరిగింది. రెండో కుట్టు వేసింది. ముందు గదిలో గంట మోగింది. ఎవరో ఆడమనిషి గొంతు. నా కోటు అయిందా, మెరూన్‌ది, పిల్లని తీసుకురావడానికి వెళ్ళాలి, చలిగా ఉంది అంటోంది. యజమాని అది కొక్కెం మీంచి తీస్తున్న చప్పుడు. ఆవిడ తన వేళ్ళు చూసుకుంది. కత్తెర తీసుకుని ఆ రెండు కుట్లూ కోసి, పోగు లాగేసి, దీపం సెగకి పట్టుకుంది. కాలిన వాసన వచ్చింది. అంచు మళ్ళీ నల్లబడింది. తలుపు గంట మోగింది. ఆడమనిషి వెళ్ళిపోయింది, తొందరగా, బతికి.

ఇక చెయ్యగలిగింది రోజూ చేసేదే. స్వెట్టర్ అడుగు అల్లిక ఒక వరస విప్పి, అందులోంచే ఉన్ని తీసి, దానితోనే నేసింది. పనికిరాదని తెలిసీ, ఎప్పుడూ చెయ్యనంత బాగా చేసింది. ఒకటి కింద నుంచి, ఒకటి పై నుంచి. ముగించి దీపం కింద తిప్పి చూస్తే ఎక్కడ చేసిందో తనకే కనబడలేదు.

ఆ సాయంత్రం పిచుక స్వెట్టర్ వేసుకుంది. ఆవిడ గంటకోసారి దగ్గరికి లాక్కుని, జుట్టు సర్దే నెపంతో ఆ చోట తడిమింది. "అమ్మా, చక్కిలిగిలి" అని పిల్ల తప్పించుకుంది. గురువారం చూసింది. గట్టిగా ఉంది. గోటితో గీకింది. ఉన్ని రేగలేదు. మామూలుగా రఫూ చేసిన చోట పొద్దున్నకి కొంచెం వదులవుతుంది, ఏ రోజుకారోజు. ఇది రాయిలా ఉంది. మూసుకుంది. ఎందుకు మూసుకుందో ఆవిడ ఆలోచించలేదు. ఆలోచిస్తే విడిపోతుందేమో అన్నట్టు, ఆ రోజు బల్ల దగ్గర కునుకు తీసింది. యజమాని లేపలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ పని తొందరగా ముగించుకుని ఇంటికి వచ్చేసరికి, భర్త బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. పాల వ్యాను జాకెట్ విప్పి ఎదురుగా పెట్టుకున్నాడు.

"ఇదిగో, నాక్కూడా వచ్చింది" అన్నాడు. చిన్నగా నవ్వాడు కూడా, పిల్లల జలుబు తనకి అంటుకున్నట్టు.

గుండెకి కొంచెం కింద, ఎడమ పక్క. అంచు నల్లగా ఉంది.

ఆవిడ కూర్చుంది. అప్పుడు గుర్తొచ్చింది. పిచుక స్వెట్టర్ కొన్నది కాదు. పెళ్ళయిన కొత్తలో ఆయన వేసుకు తిరిగిన మెరూన్ స్వెట్టర్, మోచేతులు చిరిగిపోతే పారేయబుద్ధి కాక, మొత్తం విప్పి, పిల్ల పెద్దయ్యాక వేసుకునే కొలతకి అల్లి దాచింది. విప్పిన ఉన్నిని చిక్కు పడకుండా ఆయన రెండు చేతులకీ చుట్టింది. ఆయన కదలకుండా కూర్చుని, మణికట్లు ముందుకు చాచి, "అరెస్టు చేశావా? బెయిలు ఇప్పిస్తావా మరి?" అన్నాడు. పిచుక అప్పుడు పాకుతోంది. ఆ దారం కొస పట్టుకుని నోట్లో పెట్టుకుంది.

ఎవరి బట్ట వాళ్ళదే అనుకుంది. ఎవరి పోగు అని చూసుకోలేదు. ఇన్నేళ్ళ పనిలో ఇంత చిన్న సంగతి.

"పిచుకది?" అడిగాడు ఆయన.

"మూసుకుంది."

"గట్టిగానేనా?"

"గట్టిగానే."

ఆయన జాకెట్ మీద చిల్లు చుట్టూ వేలితో గీశాడు. చాలాసేపు. "ఆ ఉన్ని నాదే కదూ" అన్నాడు.

ఆవిడ తలెత్తలేదు. "నాకు గుర్తు రాలేదండీ. ఒట్టు, నాకు గుర్తు..."

"విప్పకు."

"ఏంటి?"

"దానిది విప్పకు. విప్పితే మళ్ళీ దాని మీదకి పోతుంది. అవునా కాదా?"

అవునని ఆవిడకి తెలుసు. ఆయనకి చెప్పనక్కర్లేదు.

"అయితే ఇప్పుడైనా దాన్ని తీసెయ్యండి. మీ పేరునే ఉంది, మీరే వెళ్ళి ఇచ్చేసి రండి. ఇవాళే. నేనూ వస్తాను."

ఆయన బీరువా వైపు చూశాడు. ఆ చూపులో మొదటిసారి ఆవిడకి భయం కనబడింది. తుపాకి అంటే భయం కాదు. "నాకూ అదే అనిపించింది" అన్నాడు. "పొద్దున్న వ్యాను పక్కకి ఆపి ఆలోచించాను. తీసేశాననుకో. నాకు రావలసింది నా దగ్గరికి వచ్చే దారి లేదనుకో. అప్పుడది ఊరుకుంటుందా? మళ్ళీ దాన్ని వెతుక్కుంటూ పోతే?"

"పోదు."

"నీకు తెలుసా?"

ఆవిడకి తెలియదు. మేనత్తకీ తెలిసి ఉండదు. ఇంట్లో తుపాకి తీసేసిన వాళ్ళ బట్టలు ఎవరూ రఫూకి తేలేదు. అవి మూసుకున్నాయో, ఇంకెక్కడికి పోయాయో చెప్పేవాళ్ళు లేరు. పోదని ఒట్టు వేసి చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది. పిచుక పేరు మీద ఒట్టు వెయ్యడానికి నోరు రాలేదు.

"ఉన్నచోట ఉండనీ" అన్నాడు ఆయన. "కదిలించకు. నేను చెప్తూనే ఉన్నాగా, నన్ను దాటి రావాలని. ఇప్పుడు నా దగ్గర ఆగింది. ఆగనీ."

శనివారం ఆయన పిచుకని వ్యానులో ఎక్కించుకుని ఊరంతా తిప్పాడు. రెండు ఐస్‌క్రీములు కొనిచ్చాడు, జలుబు చేస్తుందని తల్లి అంటుందని తెలిసీ. ఎందుకు నాన్నా అంటే, పాలు మిగిలాయి, ఇలా అయ్యాయి అన్నాడట.

ఆదివారం పొద్దున్న మామూలుగానే లేచాడు. గడ్డం గీసుకున్నాడు. బల్ల మీద పాత పేపరు పరిచాడు. పిచుక లెక్కల పుస్తకం పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చోబోతే, ఆ కుర్చీ కాలితో వెనక్కి నెట్టాడు.

"ఇవాళ అమ్మతో షాపుకి వెళ్ళు."

"ఆదివారం షాపేంటి నాన్నా?"

"నా జాకెట్‌కి చిల్లు పడింది. రేపు వ్యాను ఎక్కేటప్పుడు అలా వెళ్తే బాగోదు. అమ్మకి దీపం పట్టుకో."

"నా లెక్కలు ఎవరు తప్పు చెప్తారు మరి?"

ఆయన పుస్తకం లాక్కున్నాడు. ఒక పేజీ తిప్పి, నూనె బొటనవేలు గట్టిగా అద్ది, తిరిగి ఇచ్చాడు. "సంతకం పెట్టేశా. వెళ్ళు."

ఆవిడ జాకెట్ చేతి మీద వేసుకుని గుమ్మంలో నిలబడింది. "నేను వెళ్ళను" అంది.

"ఇది ఉన్నచోట పిల్ల ఉండకూడదనే కదా మొన్న నువ్వన్నది. నీ మాటే వింటున్నాను." తలెత్తి చూశాడు. "వెళ్ళి రండి."

పిచుక ఆవిడ చెయ్యి పట్టుకుని లాగింది. మెట్లు దిగుతుంటే వెనకనుంచి, విప్పిన ఇనప ముక్క ఒకటి పేపరు మీద పెట్టిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత ఇంకొకటి. ప్రతి ఆదివారం వినేవే.

షాపు మూసి ఉంది. వెనక తలుపు తాళం ఆవిడ దగ్గర ఉంటుంది. గది చల్లగా, బట్టల మందు వాసనతో ఉంది. పిచుక స్టూలు లాక్కుని బల్లకి ఎదురుగా కూర్చుని పుస్తకం తెరిచింది. ఆవిడ దీపం వెలిగించింది. ముందు గదిలో కొక్కేలకి కోట్లు కదలకుండా వేలాడుతున్నాయి, తలలు లేని మనుషుల వరసలా. ఈసారి వాటి వైపు వెళ్ళలేదు. ప్రతి పోగుకీ అవతలి కొసన ఎవరో ఉంటారని ఇప్పుడు బాగా తెలుసు. వాళ్ళకీ చలిగా ఉంటుంది, వాళ్ళకీ బడి నుంచి తీసుకురావలసిన పిల్లలుంటారు.

జాకెట్ అడుగు మడత విప్పింది. దాని పోగు దానికే. ఒకటి లాగి, సూదికి ఎక్కించి, నల్లటి అంచు కత్తిరించి, నేయడం మొదలుపెట్టింది. కింద నుంచి ఒకటి, పై నుంచి ఒకటి. పనికిరాదని తెలుసు. అయినా ఎప్పుడో ఒకసారి, ఎక్కడో ఒకరికి, పనికొచ్చి ఉండకపోతుందా అనుకుంది. పిచుక పెన్సిలు కొరుకుతూ ఏడో ఎక్కం పైకే వల్లిస్తోంది. సగం నిండింది. ముప్పాతిక నిండింది. జేబు కింద ఆయన పాల చీటీలు దాచుకునే చోట వెలిసిన రంగు కూడా కలిసింది. ఆఖరి వరస వేసి, ముడి వేసి, పళ్ళతో పోగు కొరికింది. అరచేయి పెట్టి చదును చేసింది.

అరచేతి కింద ఏదో కదిలింది.

తీసి చూసింది. ఆఖరి వరస మెల్లిగా విడుతోంది. ఎవరూ లాగడం లేదు. ఒక పోగు పక్కకి తప్పుకుంది, జనంలో దారి ఇచ్చినట్టు. దాని వెనక ఇంకొకటి. ఆవిడ రెండు వేళ్ళతో అదిమి పట్టుకుంది. వేళ్ళ కింద నుంచే పోతున్నాయి. ఇంకో చెయ్యి కూడా పెట్టింది. చప్పుడు లేదు. ఇల్లు ఎక్కడ, షాపు ఎక్కడ, ఇక్కడికి ఏ చప్పుడూ వినబడదు. పోగులు మాత్రం చివరిదాకా విడిపోయి, గుండ్రంగా వెనక్కి జరిగి, నిలిచాయి. అంచు నల్లబడింది. వేళ్ళకి వేడి తగిలింది.

"అమ్మా" అంది పిచుక, తలెత్తి. "మళ్ళీ విడిపోయిందా?"

ఆవిడ పిల్లని చూసింది. ఎడమ పక్క, గుండెకి కొంచెం కింద, ఆ మెరూన్ ఉన్ని ఎక్కడా అతుకు లేకుండా, నిండుగా ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా లేస్తోంది, దిగుతోంది. బల్ల మీద తెరిచిన పుస్తకంలో బొటనవేలి ముద్ర ఇంకా ఆరలేదు.

జాకెట్ మడత పెట్టింది, చిల్లు లోపలికి వచ్చేలా. దీపం ఆర్పింది.

"స్వెట్టర్ గుండీలు పెట్టుకో" అంది. "బయట చలిగా ఉంది."